పైకప్పు లేని కారు - గడప బలం

మోటారు వాహనాల చరిత్రలో పెద్ద కార్లకు దక్కిన కీర్తి చిన్న కార్లకు దక్కలేదు. అయినను ఇంటివద్దనే, సెలవు దినాలలో, తన చేతులతో ఒక పాత కారును పునరుద్ధరించదలచిన సామాన్య గృహస్థునకు ఇంగ్లండులో చాలాకాలంగా ఆశ్రయమైనవి చిన్న కార్లే. వాటిలోను పైకప్పు లేని రెండు సీట్ల కారుపై మక్కువ ఎక్కువ. ఇంటి ప్రక్కనున్న చిన్న షెడ్డులో అది ఇముడుతుంది. దాని ఇంజనును ఒక చిన్న గొలుసు కప్పీతో పైకి ఎత్తవచ్చు. విడిభాగాలు నేటికీ దొరుకుతున్నాయి. ఇన్ని సౌకర్యాలున్న ఈ కారులో ఒక చిక్కు కూడా ఉన్నది. ఆ చిక్కు దానికి పైకప్పు లేకపోవడంలోనే ఉన్నది. దానిని గ్రహించని వాడు ఎంత శ్రమించినా, ఎంత ధనం వెచ్చించినా, చివరకు అతనికి మిగిలేది రంగు వేసిన ప్రమాదమే. భౌతిక, రసాయన శాస్త్రాలు చదివే మన విద్యార్థులకు ఈ చిక్కు ఒక మంచి పాఠం కాగలదని తలచి ఈ వ్యాసం వ్రాయడమైనది.

ఉదాహరణకు ఒక కారును తీసుకుందాము. 1958వ సంవత్సరం మే నెలలో మాంటీకార్లో నగరంలో ఆస్టిన్ హీలీ స్ప్రైట్ అనే చిన్న కారును లోకానికి చూపించారు. దీనిని రూపొందించిన డొనాల్డ్ హీలీ (1898-1988) స్వయంగా పేరుపొందిన పందెగాడు. 1931లో మాంటీకార్లో ర్యాలీ గెలిచినవాడు. కారును తయారుచేసి అమ్మినది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్. అబింగ్డన్ పట్టణంలోని ఎం.జి. కర్మాగారంలో 1961 వరకు దాదాపు 49 వేల కార్లు తయారైనాయి. పన్నులతో కలిపి దాని ధర 669 పౌన్లు. ధర తగ్గించడమే ధ్యేయం గనుక ఇతర కార్లకున్న హంగులు అనేకం దీనికి లేవు. తలుపులకు బయట పిడులు లేవు. చేయి లోపలికి పెట్టి తెరవవలెను. అద్దాలు పైకి క్రిందికి జరగవు. కావలసినప్పుడు ప్రక్కతెరలు తగిలించుకోవలెను. వెనుక సామాను పెట్టెకు మూత లేదు. సీటు వెనుకనుండి చేయి చాచి సామాను పెట్టుకోవలెను. ముందు దీపాలను వాడనప్పుడు లోపలికి ఒదిగిపోయేటట్లు చేయాలని మొదట ఆలోచించి, ఖర్చుకు వెరచి వాటిని అలాగే ఉబ్బెత్తుగా వదిలివేశారు. అందువల్ల దానికి ఇంగ్లండులో 'కప్పకన్ను' అనే ముద్దుపేరు వచ్చింది. పొదుపు వల్ల పుట్టిన ఆ కళ్ళే నేడు ఆ కారుకు అందమై కూర్చున్నాయి!

ఇక అసలు విషయం. లారీకి ఛాసిస్ అనే బలమైన ఇనుప చట్రం అడుగున ఉంటుంది. పైనున్న తొట్టి ఊడదీసినా చట్రం నిలుస్తుంది. స్ప్రైట్‌కు అట్టి చట్రం లేదు. వంచిన రేకులను ఒకదానికొకటి అతికించి కట్టిన పెట్టెలాంటి శరీరమే దానికి చట్రం. మన రోడ్లమీద దశాబ్దాలు తిరిగిన అంబాసిడర్ నిర్మాణం కూడా ఈ పద్ధతిలోనిదే. అయితే అంబాసిడర్‌కు పైకప్పు ఉన్నది. ముందు చక్రాలకు, వెనుక చక్రాలకు నడుమ మనుషులు కూర్చున్నప్పుడు శరీరం మధ్యలో క్రిందికి వంగ చూస్తుంది. అప్పుడు పైకప్పు నొక్కుడును, అడుగుభాగం లాగుడును పంచుకొని భరిస్తాయి. ఇంటి దూలం కంటె పైన ఒక కమ్మీ, క్రింద ఒక కమ్మీ ఉన్న వంతెన తక్కువ లోహంతోనే ఎక్కువ బరువు మోయడానికి కారణం ఇదే. పైకప్పును తీసివేస్తే పై కమ్మీ పోయినట్లే. అప్పుడు ఆ బరువంతా అడుగున ఉన్న భాగాలే మోయవలెను.

ఆ అడుగుభాగాలలో ముఖ్యమైనవి తలుపుల క్రింద ఇరువైపులా పొడుగునా ఉండే రెండు బోలు పెట్టెలు. ఆంగ్లేయులు వీటిని 'సిల్' అంటారు. మన గడపకు వారి మాట అదే. కావున ఈ వ్యాసంలో వాటిని గడపలనే పిలుస్తాను. బయటి రేకు ఒకటి, లోపలి రేకు ఒకటి, రెంటి అంచులనూ కలిపి అతికించగా ఏర్పడినది గడప. నడుమ గేరు పెట్టెనుండి వెనుకకు పోయే సొరంగం, సీట్ల క్రింది అడ్డుపట్టీ దీనికి తోడు. ఇంతే, ఈ కారును నిటారుగా నిలిపేది ఈ నాలుగు ముక్కలే.

కేవలం వంగడమే అయితే చిక్కు కొంతవరకే. ఒక చక్రం గుంటలో పడి, దాని కెదురు మూలనున్న చక్రం మిట్టపైకి ఎక్కినప్పుడు శరీరం మెలితిరుగుతుంది. మెలికను తట్టుకొనడంలో మూసిన గొట్టానికీ చీలిన గొట్టానికీ ఉన్న తేడా చదువరులను ఆశ్చర్యపరుస్తుంది. ఒక అగ్గిపెట్టె తీసుకొని లోపలి సొరుగును విడిగా రెండు చేతులతో మెలిపెట్టి చూడండి. సులభంగా మెలితిరుగుతుంది. దానిని పై తొడుగులోనికి నెట్టి మరల ప్రయత్నించండి. ఇప్పుడు అది మొండికేస్తుంది. ఆ తొడుగునే ఒక అంచు వెంట బ్లేడుతో చీల్చి చూస్తే మరల మెత్తబడుతుంది. అట్ట తగ్గలేదు, బరువు తగ్గలేదు. ఒక గీత మేరకు అతుకు విడిపోయినది, అంతే.

పలుచని గుండ్రని గొట్టానికి ఈ తేడాను లెక్కకట్టవచ్చు. వ్యాసార్ధాన్ని మందంతో భాగించి, వచ్చిన దానిని వర్గు చేసి, మూడుతో గుణిస్తే, మూసిన గొట్టం చీలిన గొట్టంకంటె ఎన్ని రెట్లు మెలికను ఎదిరిస్తుందో తెలుస్తుంది. వ్యాసార్ధం 40 మిల్లీమీటర్లు, రేకు మందం 1 మిల్లీమీటరు అనుకుంటే జవాబు 4800 రెట్లు! కారు గడప గుండ్రని గొట్టం కాదు. దాని రెండు చివరలూ ఇతర భాగాలకు బిగించి ఉంటాయి గనుక వాస్తవంలో తేడా ఇంత ఉండదు. అయినా సూత్రం మారదు. గడపలో పదోవంతు రేకు మాత్రమే తుప్పుపట్టినదని తృప్తిపడే వాడు, ఆ పదోవంతు అంచు వెంట పొడుగునా ఉన్నదో లేదో చూడవలెను. అంచున ఉంటే నష్టం పదోవంతుతో పోదు.

దురదృష్టవశాత్తు తుప్పుకు కూడా అంచులే ఇష్టం. ఇనుము తుప్పుపట్టడం ఒక విద్యుద్రసాయన క్రియ. ఇనుప ఉపరితలం మీదనే ఒక చోట ఆనోడు, మరొకచోట కాథోడు ఏర్పడి, వాటి నడుమ తేమ విద్యుద్విశ్లేష్యంగా పనిచేస్తుంది. ఆనోడు వద్ద ఇనుము ఎలక్ట్రాన్లను కోల్పోయి కరుగుతుంది. కాథోడు వద్ద ఆమ్లజని ఆ ఎలక్ట్రాన్లను గ్రహిస్తుంది. ఇక్కడ ఒక విచిత్రం గమనించదగినది. గాలి బాగా తగిలే చోట తుప్పు ఎక్కువని మనం సహజంగా అనుకుంటాము. కాని ఒకే రేకులో గాలి అందే భాగం కాథోడుగాను, గాలి సరిగా అందని భాగం ఆనోడుగాను మారుతాయి. అనగా రెండు రేకులు ఒకదానిపై ఒకటి అతుక్కున్న సందులో, బురద గడ్డకట్టిన మూలలో, గాలి చొరని చోటనే లోహం కరుగుతుంది. తినబడే చోటు కంటికి కనిపించదు. పైగా తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె రెట్టింపుకు మించిన స్థలం ఆక్రమిస్తుంది; అందుచేత సందులోని తుప్పు ఉబ్బి రెండు రేకులనూ విడదీస్తుంది. అట్లు విడిన సందులోనికి మరింత నీరు చేరుతుంది.

ఇంగ్లండులో చలికాలం రోడ్లమీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఉప్పునీరు శుద్ధజలంకంటె ఎన్నోరెట్లు మంచి విద్యుద్వాహకం. చక్రాలు చిమ్మిన ఆ ఉప్పు బురద గడప చివరలలోనికి చేరుతుంది. నీరు కారిపోవుటకు అడుగున ఉంచిన రంధ్రాలు బురదతో పూడుకుంటాయి. కాన్వాసు కప్పు ఎంత బిగించినా వాన కొంత లోపలికి దిగుతుంది. నేలమీది తివాచీ తడిసి రోజులతరబడి ఆరదు. స్ప్రైట్‌కు మరొక బలహీన స్థలం ఉన్నది. దాని వెనుక ఇరుసును మోసే కమాను పట్టీలు మామూలు వాటివలె రెండు చివరలా వ్రేలాడవు. ఒక చివర మాత్రమే సీట్ల వెనుక నేలక్రింది పెట్టెలో గట్టిగా బిగించి ఉంటుంది. రెండవ చివర ఇరుసును పట్టుకుంటుంది. గోడలోనుండి బయటకు పొడుచుకొని వచ్చిన దూలం వంటి అమరిక ఇది. వెనుక చక్రాల బరువంతా ఆ చిన్న పెట్టెలపైనే పడుతుంది. అవి కుళ్ళితే గడప ఎంత బాగున్నా ప్రయోజనం లేదు.

కావున పునరుద్ధరణలో క్రమం ప్రధానం. సాధారణంగా ఉత్సాహవంతుడు మొదటి ఆదివారమే పానా పట్టుకొని ఊడదీయడం ఆరంభిస్తాడు. నెల తిరిగేసరికి కారు వంద ముక్కలవుతుంది. ఊడదీయక ముందు ప్రతి భాగానికీ ఫొటో తీయవలెను. ఊడదీసిన ప్రతి బోల్టునూ ఏ భాగానిదో చీటీ కట్టి విడి సంచిలో వేయవలెను. స్ప్రైట్ ముందుభాగం - బానెట్టు, రెండు ముందు రెక్కలు, దీపాలతో సహా - ఒకే పెద్ద మూతవలె వెనుకవైపు కీళ్ళపై లేస్తుంది. ఇంజను పనికి ఇంత సుఖమైన ఏర్పాటు మరొకటి లేదు గాని, ఆ మూత చాలా బరువు. దించుటకు ఇద్దరు ఉండవలెను.

ఇంజను, సీట్లు, పెట్రోలు ట్యాంకు తీసివేసిన తరువాత శరీరం మిగులుతుంది. ఇక్కడ తొందరపడరాదు. తలుపులు ఇంకా తగిలించి ఉండగానే తలుపుకూ కంబానికీ నడుమ సందు పైన ఎంత, క్రింద ఎంత అని కొలిచి వ్రాసుకోవలెను. ముందు కుడిమూలనుండి వెనుక ఎడమమూలకు, ముందు ఎడమమూలనుండి వెనుక కుడిమూలకు రెండు కర్ణాలనూ కొలవవలెను. దీర్ఘచతురస్రంలో కర్ణాలు సమానమని పదవ తరగతిలో చదివిన సూత్రమే ఇక్కడ కారు వంకరను బయటపెడుతుంది. పాత కారు అప్పటికే కొంత కుంగి ఉండవచ్చు; నడుము కుంగితే తలుపు సందు పైభాగంలో ఇరుకై, క్రింద వెడల్పు అవుతుంది. అట్టి కారును ముందు సరైన ఆకారానికి తెచ్చి, పిదప మాత్రమే కోతకు దిగవలెను.

శరీరం బరువు సహజంగా ఏ చోట్ల చక్రాలకు చేరుతుందో ఆ చోట్లనే, చదునైన నేలమీద, గట్టి స్టాండ్లతో ఎత్తి నిలపవలెను. అనంతరం ప్రతి తలుపు ఖాళీలోను ముందు కంబానికీ వెనుక కంబానికీ నడుమ ఇనుప గొట్టాలను అడ్డంగాను ఏటవాలుగాను అతికించి బిగించవలెను. ఈ తాత్కాలిక ఆధారాలే అప్పటికి గడపలకు బదులు. గోడ తీసివేసేముందు తాపీమేస్త్రీ పైకప్పుకు ముట్లు పెట్టినట్లే ఇది. ఆ పిమ్మటనే ఒకవైపు గడపను కోయవలెను. ఒకవైపు కోసి, క్రొత్తది అతికి, తలుపు తగిలించి సరిచూచుకున్న తరువాతనే రెండవవైపు. రెండు గడపలనూ ఒకేసారి కోసిన కారు అరటిపండువలె వంగిపోతుంది. అట్లు వంగిన దానికి క్రొత్త గడపలు అతికితే ఆ వంపు శాశ్వతమవుతుంది; తలుపులు ఇక ఎన్నటికీ సరిగా పడవు.

పాత గడపపైనే క్రొత్త రేకు కప్పి అతకడం ఒక సులభమార్గంగా చెలామణి అవుతున్నది. దీనిని ఈ వ్యాసకర్త గట్టిగా నిరసిస్తున్నాడు. లోపలి కుళ్ళు అలాగే ఉండి, క్రొత్త రేకునూ లోపలినుండి తింటుంది. అంతకంటె హీనమైనది రంధ్రంలో జాలీ పెట్టి లప్పం పూసి రంగు వేయడం. లప్పం రంగును మోస్తుంది, మనుషులను మోయలేదు. కొనేవాడు ఒక చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి గడప వెంట జరిపి చూస్తే, అది పట్టని చోట రేకు లేదని తెలుస్తుంది.

రేకు మందం మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ మాత్రమే గనుక వెల్డింగులో వేడి శత్రువు. ఒక చివరనుండి మరొక చివరకు ఏకధాటిగా అతికితే రేకు వ్యాకోచించి, చల్లారుతూ ముడుచుకొని, అలలు తేలుతుంది. అందుకని ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్కగా పొట్టి అతుకులు వేస్తూ, నడుమ చల్లారనిస్తూ పోవలెను. కర్మాగారంలో రెండు రేకుల అంచులను చుక్కలు చుక్కలుగా అతికించారు. ఇంటివద్ద పై రేకుకు వరుసగా రంధ్రాలు తొలిచి, ఆ రంధ్రాలను వెల్డింగుతో నింపితే అదే ఫలితం వస్తుంది. పనికిరాని రేకు ముక్కలమీద మొదట సాధన చేసి, అతికిన వాటిని పట్టకారుతో బలవంతాన ఊడపెరికి చూడవలెను. అతుకు ఊడక రేకే చిరిగితే చేయి కుదిరినట్లు.

ప్రాణాపాయం కలిగించే విషయాలు కొన్నిటిని ఇక్కడ చెప్పక తప్పదు. జాకీ ఎత్తడానికే గాని నిలపడానికి కాదు. జాకీ ఒక్కదానిపై నిలిచిన కారు క్రిందికి ఎవరూ దూరరాదు. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పవలెను. పెట్రోలు ట్యాంకు ఖాళీ అయినది గనుక భయం లేదనుకోవడం పొరపాటు. నిండిన ట్యాంకులో ద్రవమే గాని గాలి లేదు. ఖాళీ ట్యాంకులో పెట్రోలు ఆవిరి గాలితో కలిసి ప్రేలుడుకు సిద్ధంగా ఉంటుంది. జింకు పూతగల రేకును అతికితే వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు గనుక ఆ ధూళిని నోటితోగాని గాలిపంపుతోగాని ఊదరాదు, తడిగుడ్డతో తుడవవలెను. పాత రంగులో సీసం ఉండవచ్చు గనుక పొడిగా రుద్దరాదు. గట్టిపడే ద్రవం కలిపి వేసే నవీన రంగులలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హానికరం; వాటిని ప్రత్యేక శ్వాస పరికరాలున్న వారికే వదలడం మేలు.

ఇంజను పని దీనితో పోల్చితే వినోదమే. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి 'ఎ' శ్రేణి ఇంజను ఇది: నాలుగు సిలిండర్లు, 948 సి.సి., రెండు ఎస్.యు. కార్బురేటర్లు, 43 అశ్వశక్తి. అంబాసిడర్‌లో చాలాకాలం నడిచిన 1489 సి.సి. ఇంజను అదే సంస్థ 'బి' శ్రేణికి చెందినది. అనగా స్ప్రైట్ ఇంజనుకు స్వయానా అన్నగారు. సిలిండరు హెడ్డులో రెండేసి సిలిండర్లకు ఒకే లోదారి, నడుమ రెంటికీ కలిపి ఒకే బయటిదారి, మొత్తం ఐదు దారులు - ఈ పొందిక రెంటికీ సమానం. హైదరాబాదులోనో విజయవాడలోనో అంబాసిడర్ హెడ్డు దించి వాల్వులు నూరిన మెకానిక్కుకు స్ప్రైట్ ఇంజనును చూపిస్తే ఏ పానా ఎక్కడ పట్టవలెనో అతనికి వేరే చెప్పనక్కరలేదు. 2014లో అంబాసిడర్ తయారీ నిలిచిపోయినా ఆ నైపుణ్యం చేతులలో ఇంకా మిగిలి ఉన్నది.

కాలం తెచ్చిన మార్పులు రెండు గమనించవలెను. పెట్రోలులోని సీసం పూర్వం ఎగ్జాస్టు వాల్వు పీటలకు ఒక రక్షణ పొరగా ఉండేది. అది తొలగిన తరువాత పాత ఇనుప హెడ్డులలో పీటలు అరిగి లోపలికి దిగిపోతాయి గనుక గట్టి ఉక్కు పీటలు వేయించడం ఆచారమైనది. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుండి సాధారణ పెట్రోలులో పదిశాతం వరకు ఇథనాలు కలుస్తున్నది. మన దేశంలోనూ ఇథనాలు కలిపిన పెట్రోలే అమ్ముతున్నారు. పాత రబ్బరు గొట్టాలను ఇది మెత్తబరచి పగులజేస్తుంది. కాబట్టి ఇథనాలును తట్టుకునే గొట్టాలు తప్పక మార్చవలెను.

విద్యుత్తు విషయంలో ఒక్క హెచ్చరిక. స్ప్రైట్‌లో బ్యాటరీ ధనధ్రువం శరీరానికి కలిపి ఉంటుంది. నేటి కార్లలో రుణధ్రువం. తెలియక తిరగవేస్తే నష్టం. ఇక తీగల రంగులు ఒక భాషవంటివి: నలుపు శరీరానికి, గోధుమ నేరుగా బ్యాటరీనుండి, తెలుపు తాళంనుండి, నీలం ముందు దీపాలకు, ఎరుపు చిన్న దీపాలకు. బ్రేకు నూనె గాలిలోని తేమను పీలుస్తుంది గనుక ఏళ్ళతరబడి నిలువ ఉన్నదానిని పారబోసి, రబ్బర్లన్నీ మార్చవలెను. రంగు గురించి వ్రాయవలసినది స్వల్పం; అడుగున పని సరిగా జరిగితే రంగు ఎవరైనా వేయగలరు. రంగు ఆరిన తరువాత గడప లోపలికి పలుచని మైనాన్ని గొట్టంతో చిమ్మి అన్ని సందులకూ పాకించి, అడుగు రంధ్రాలు మూసుకుపోలేదని ఒక తీగతో పొడిచి చూడవలెను.

బ్రిటన్‌లో 2018 మే నెలనుండి, నలుబది సంవత్సరాలు దాటి పెద్ద మార్పులకు లోనుకాని కార్లకు ఏటేటా జరిగే ఎం.ఓ.టి. అనే యోగ్యతా పరీక్షనుండి మినహాయింపు ఇచ్చారు. యజమాని కోరితే పరీక్ష చేయించుకోవచ్చు, నిర్బంధం లేదు. పాత కార్ల ప్రియులు దీనిని సంతోషంగా స్వీకరించారు. కాని గడపను పొడిచి చూచే పరీక్షాధికారి ఇక రాడు గనుక, ప్రక్కసీటులో కూర్చునే భార్యకో బిడ్డకో జవాబుదారీ ఆ కారును అతికినవాడే. నిర్బంధం లేకున్నను ఏడాదికొకసారి పరీక్ష చేయించుకోవడమే ఉచితమని నా అభిప్రాయం.

ఆ పరీక్షకు తీసుకుపోకముందు ఇంటివద్ద చేయదగినది ఒకటి ఉన్నది. తలుపు ఖాళీలలోని తాత్కాలిక గొట్టాలన్నీ కోసివేసి, ఇంజను, సీట్లు మరల అమర్చి, కారును చదునైన నేలమీద నిలపవలెను. ముందు చక్రాలకు అడ్డుకట్టెలు పెట్టి, ఒక వెనుక చక్రం మాత్రం నేల విడిచేవరకు ఇరుసు క్రింద జాకీతో ఎత్తవలెను. ఇప్పుడు శరీరంపై మెలిక పడుతున్నది. కారు క్రిందికి పోకుండా, ప్రక్కన నిలబడి, రెండు తలుపులనూ తెరచి మూయవలెను. వ్రాసిపెట్టుకున్న సందుల కొలతలను మరల కొలిచి చూడవలెను. కొలత మారక, తలుపు ఎక్కడా ఒరుసుకోక, గొళ్ళెం తన చోటనే పడితే ఆ కారును రంగుకు పంపవచ్చు.